పద్నాలుగో డబ్బా

చండూరుల డేరా టాకీసు ఏసిన ఏడు
మా మామ సైదులు గేటుకాడ ఉండెటోడు.
చింపిన సగం టికెట్లన్నీ జేబుల నింపుకొని
పొద్దున లెక్క తక్కువొస్తే
అత్త ఈదమ్మ అమ్మిన బఠానీల పైసలు కలిపి
ఓనరుకిచ్చెటోడు.
మోసం చేసుడు చేతగాలె మామకు.
చేతనైతే నేను ఇంకో నాలుగు బొమ్మలు చూసేదాన్ని.

ఆ వారం వచ్చిన బొమ్మల
హీరోకు కోటు ఒక్కటే, దానికి చిల్లులు ఆరు.
హోటల్ల ప్లేట్లు కడుగుకుంట కడుగుకుంట
లాటరీ తగిలి తెల్లారేసరికి సేటయితడు.
వాసన పట్టినట్టే దిగుతడు రంగూన్ జమీందారు,
పెట్టుడు మీసం, కిరాయి కారు,
లేని టేకు అడవిని అమ్మజూస్తడు.
సూపు తాగుతుంటే మీసం ఊడి గిన్నెల పడ్డది.
చెంచతోని తీసి, రుమాలుకు తుడిచి,
మాట ఆపకుంటనే మళ్ల అతికించుకున్నడు
తలకిందులుగ.

అగో, అప్పుడు నవ్విన్రు మావోళ్లు.

మా దిక్కు నవ్వు ఎట్లుంటదో మీకు తెలుసో లేదో.
బోరు నీళ్లు తాగి తాగి పండ్లకు గార పట్టి
పెండ్లి పందిట్ల గూడ కొంగు అడ్డం పెట్టుకొనే నవ్వాలె.
ఫోటో దిగమంటే
పంచాయితీకి పిలిస్తే వచ్చినట్టు నిలవడ్తం.
ఆ డేరాల, ఆ చీకట్ల
కొంగులు ఒళ్లోకి జారినయి.
మర్రిగూడెం నుంచి బండి కట్టుకొచ్చినోళ్లు,
నడుం వంగక గుంజకు ఒరిగిన ముత్యాలు తాత,
నోరంత తెరిచిన్రు.
నేను వెనక్కి మర్రి చూసిన.
తెర వెలుగు పడి, వరుసలు వరుసలుగ,
ఒలిచిన మక్క కంకులు.

కుర్చీ క్లాసుల బోరు పాయింట్లు చూసే జంగయ్య.
అరచేతిల కొబ్బరికాయ పండవెట్టి నడిచెటోడు,
అది లేచి నిలవడ్డకాడ నీళ్లు.
మా చెల్కల మూడుసార్లు నిలవడ్డది.
మూడుసార్లు దుబ్బ లేచింది.
నాలుగోసారి కాయ పగలగొట్టి అందరికి పంచిండు,
తియ్యగనే ఉండె.
మీసం ఊడినప్పుడు డేరా మొత్తంల
అందరికన్న గట్టిగ నవ్వింది ఆయనే.
నాయిన నేల మీదికెల్లి తిరిగి
జంగయ్య మీసం దిక్కు శానాసేపు చూసిండు.
అది సొంతదే.

పద్నాలుగో డబ్బా నాంపల్లి నుంచి సైకిల్ మీద రావాలె.
మా నాంపల్లి, పట్నం నాంపల్లి కాదు.
ఒకటే ప్రింటు, రెండూర్లు.
పదమూడోది ఒడిసేసరికి
పోలీసులు తలుపు కొడుతున్నరు,
జమీందారు కిటికీల ఒక కాలు వెట్టిండు,
తెర తెల్లగయింది.
మామ రోడ్డు మీదికి ఉరికి చూసిండు.
లాంతరు లేదు. బెల్లు లేదు.
ఆపరేటర్ మక్బూల్ సాబ్ రెండు బీడీలు తాగి
ఏం చేయాల్నో తోచక
మొదటి డబ్బానే మళ్ల ఎక్కిచ్చిండు.
హీరో ఎప్పటిలెక్కనే ప్లేట్లు కడుగుతున్నడు.
ఒక్కరు గూడ పైసలు వాపసడగలె.
"పాపం, లాటరీ తగిలిందని వీనికింకా తెల్వది"
అన్నది ఈదమ్మత్త.

మొన్న నల్గొండ దవఖానల
పెట్టుడు పండ్లకు కొలతిచ్చి బెంచి మీద కూసున్న.
ఫోన్ల కనవడ్డది ఆ బొమ్మ.
ఉన్నదున్నట్టు, ఆఖరిదాక.
కిటికీల కాలిరికి దొరికిండు జమీందారు.
చెంపలేసుకున్నడు.
హీరో లేవట్టి కావలించుకున్నడు.
అందరు వరుసగ నిలవడి ఫోటో దిగిన్రు, పండ్లన్ని కనవడేటట్టు.
మా చండూరుల మాత్రం
నలభై ఏండ్లసంది ఆ కాలు కిటికీ మీదనే ఉన్నది.
జంగయ్య గూడ సచ్చెదాక దొరకలె.
దినాలనాడు ఆయనింటి ముంగట బోరుల
నీళ్లు లేక ట్యాంకరు తెప్పిచ్చిన్రు.

అది యాదికొచ్చి నవ్వొచ్చింది, గట్టిగనే.
పాత పండ్లు పీకేసిన్రు, కొత్తయి ఇంకా రాలె,
దాచుకోనీకి నోట్ల ఏం లేదు.
అయినా
చెయ్యి దానంతటదే లేచి
మూతి మీదికొచ్చింది.